గోడలో వైరు బతికే ఉంది: మా పాత అలారం డైరీ

మార్చి 2, 2024, శనివారం

ఇల్లు కొన్న నాలుగు నెలలకి, క్లోజెట్‌లో నా చీరల వెనక దాక్కున్న పాత దొంగల అలారం రేకు డబ్బాని ఈ రోజు మొదటిసారి తెరిచాను.

దీనికి కారణం గురువారం సాయంత్రం తలుపు తట్టిన ఒక అలారం కంపెనీ కుర్రాడు. గుమ్మం పక్కన గోడకున్న చచ్చిన కీప్యాడ్‌ని చూశాడు. "ఇదంతా పాత సరుకు మేడమ్, గోడల్లో వైర్లు కూడా పనికిరావు. మొత్తం పీకేసి వైర్‌లెస్ పెడతాం, సామాను ఉచితం" అన్నాడు. ఉచితం అన్నాక ఎక్కడో ఒక అంకె దాక్కుని ఉంటుంది కదా. నెలకి 49.99 డాలర్లు, 36 నెలల కాంట్రాక్టు. అతను వెళ్లాక గుణిస్తే 1,799 డాలర్ల 64 సెంట్లు తేలింది.

అమ్మ పెట్టించెయ్యమంది. ఆవిడ భయం ఆవిడది. 2011 నుంచి 2014 దాకా టెక్సస్, జార్జియా, న్యూయార్క్, ఒహాయో, మిషిగన్‌లలో మనలాంటి ఆసియా కుటుంబాల ఇళ్లమీదే, బంగారం ఉంటుందని గురిపెట్టి పడ్డ ముఠా కథ ఇక్కడి తెలుగువాళ్లందరికీ తెలుసు. నాయకురాలికి 37 ఏళ్ల జైలు పడింది. ఆ కథ ఎవరో అమ్మకి గుడిలో పులిహోర తింటూ చెప్పారు.

నాన్న మాత్రం టీ గ్లాసు కింద పెట్టి ఒక్కటే అడిగారు. "వైర్లు పనికిరావని ఎట్టా చెప్పాడు? మీటరు పెట్టి చూశాడా?"

"లేదు నాన్నా, కీప్యాడ్ చూసి చెప్పాడు."

"మరి?"

ఆయన నరసరావుపేట, వినుకొండ వైపు ముప్పై ఏళ్లు కరెంటు లైన్ల మీద పనిచేసి రిటైరయ్యారు. మా ఇంటికి వచ్చిన నెల రోజుల్లో ఆయన ముఖంలో ఇంత వెలుగు చూడటం ఇదే మొదలు. కాబట్టి ఈ డైరీ.

ఇల్లు టెక్సస్‌లో, డాలస్ పక్కన ప్లేనోలో, 2001లో కట్టింది. అప్పట్లో ఇక్కడ కట్టిన ఇళ్లలో గోడలు మూయకముందే అలారం వైర్లు లాగి ఉంచడం మామూలు. డబ్బాలో ఉన్న బోర్డు హనీవెల్ విస్టా 20పి. ఎనిమిది వైర్డ్ జోన్లు, అంటే తలుపుల, కిటికీల వైర్లు వచ్చి కలిసే ఎనిమిది దారులు. దేశంలో లెక్కలేనన్ని ఇళ్లలో ఉన్న సరుకు కాబట్టి మాన్యువల్ తేలిగ్గానే దొరికింది. 2018లో హనీవెల్ ఇళ్లలో వాడే సామాన్ల వ్యాపారాన్ని రెసిడియో అని వేరే కంపెనీగా విడగొట్టింది.

మార్చి 3, ఆదివారం

దేన్నీ ముట్టుకోకముందు ఫోటోలు తీశాం. నాన్న షరతు ఇంకోటి: చీటీ కట్టకుండా ఒక్క వైరు కూడా స్క్రూ నుంచి ఊడదీయకూడదు. స్తంభం ఎక్కినవాడి షరతులు ఇలాగే ఉంటాయి. నాకు విసుగు పుట్టింది గానీ సాయంత్రానికి ఆ చీటీలే కాపాడాయి.

ట్రాన్స్‌ఫార్మర్‌ని పాత యజమాని ప్లగ్ నుంచి పీకేసి అక్కడే నేలమీద పడేశారు. 16.5 వోల్టుల ఏసీ ఇవ్వాల్సింది. గుచ్చి చూస్తే లోడు లేకుండా 17.8 వచ్చింది, బాగానే ఉన్నట్టు. బ్యాటరీ 12 వోల్టుల లెడ్ యాసిడ్, దానిమీద ఎవరో మార్కర్‌తో 2013 అని రాశారు. పక్కలు ఉబ్బి అచ్చం పూరీలా ఉంది. మీటరులో 3.1 వోల్టులు. దాన్ని కవర్లో చుట్టి కారు విడిభాగాల షాపులో ఇచ్చేశాను, అక్కడ పాత బ్యాటరీలు తీసుకుంటారు. చెత్తబుట్టలో వేసే వస్తువు కాదది.

బోర్డు పక్కన ఇంకో చిన్న డబ్బా: 3జీ సిమ్‌తో కంపెనీకి కబురు పంపే యూనిట్. అమెరికాలో 3జీ నెట్‌వర్కులు 2022లో మూతపడ్డాయి, కాబట్టి దాని ఆయువు అక్కడితో సరి. కింద ఒక ఫోన్ జాక్ కూడా ఉంది. దొంగ పడ్డప్పుడు ఇంట్లో ఎవరు ఫోన్‌లో మాట్లాడుతున్నా వాళ్లని తెంపి లైను తను లాక్కునే ఏర్పాటు. ల్యాండ్‌లైనే లేని ఇంట్లో దానికి పనేముంది? ఈ రెండింటినీ విప్పేశాం.

అంటే బయటి ప్రపంచంతో మాట్లాడే భాగం చచ్చింది. ఇంటి లోపల కాపలా కాసే భాగం సంగతి ఇంకా తెలీదు. ఆ కుర్రాడు రెండూ ఒకటే అన్నట్టు మాట్లాడాడు.

మార్చి 9, శనివారం

అసలు పని ఈ రోజే. కరెంటు, బ్యాటరీ రెండూ తీసేసి, ఒక్కో జత వైర్లని బోర్డు నుంచి విప్పి మల్టీమీటరు పెట్టాం. నాన్న డబ్బా దగ్గర స్టూలేసుకుని కూర్చుంటారు. నేను ఇల్లంతా తిరిగి తలుపులూ కిటికీలూ తీస్తూ, వేస్తూ ఉంటాను. "తియ్!" అని అరుస్తారు. తీస్తాను. "వెయ్!" వేస్తాను. మా చిన్నది ఇదేదో ఆట అనుకుని నా వెనకే తిరిగింది.

తెలియనివాళ్ల కోసం కొంచెం వివరం. తలుపు చట్రంలో చిటికెన వేలి మందం గొట్టం ఒకటి దూర్చి ఉంటుంది. అది రీడ్ స్విచ్. గాజు గొట్టంలో రెండు సన్నటి ఇనుప రేకులు, తలుపులో అయస్కాంతం. తలుపు వేస్తే రేకులు అతుక్కుంటాయి, తీస్తే విడిపోతాయి. 1936లో బెల్ ల్యాబ్స్‌లో వాల్టర్ ఎల్‌వుడ్ కనిపెట్టింది. అందులో సాఫ్ట్‌వేర్ లేదు, బ్యాటరీ లేదు, అరిగిపోయేంత పనీ లేదు. కాబట్టి తలుపు వేసినప్పుడు వైరు చివర్ల మధ్య ఒకటి రెండు ఓములు (కరెంటుకి ఎంత అడ్డుందో చెప్పే కొలత), తీసినప్పుడు అనంతం, అంటే దారి తెగినట్టు, రావాలి. ఇక్కడ వాడే 22 గేజ్ రాగి తీగకి వెయ్యి అడుగులకి 16 ఓములు. ఇంట్లో పరిచిన దూరానికి రెండు ఓములు పెద్దగా దాటకూడదు.

వీధి తలుపు: 1.4. గరాజ్ తలుపు: 0.8. రెండూ భేషుగ్గా ఉన్నాయి. 23 ఏళ్ల వైరు! నాన్న మీసం కింద నవ్వారు.

పెరటి తలుపు: వేసినా అనంతమే. భుజంతో తలుపుని పైకెత్తి నొక్కితే 1.6. అంటే స్విచ్ బాగానే ఉంది, తలుపు కుంగి అయస్కాంతం దూరం జరిగింది. ఎందుకు కుంగిందో నాన్నకి చెప్పక్కర్లేకపోయింది. వచ్చిన మొదటి వారమే పెరట్లో మట్టి పిడికిట్లోకి తీసుకుని "ఇది మన నల్లరేగడే గదే" అన్నారు. నిజమే, డాలస్ చుట్టుపక్కలదంతా బ్లాక్‌ల్యాండ్ ప్రెయిరీ, ఒకప్పటి పత్తి నేల. వానకి ఉబ్బుతుంది, ఎండకి బీటలిస్తుంది, పునాది కూడా దానితోపాటే కదులుతుంది. ఎండాకాలంలో ఇక్కడ జనం ఇంటి పునాది చుట్టూ సన్నటి గొట్టాలు పరిచి నీళ్లు పెడతారు. మొదట్లో మేం నవ్వుకున్నాం, ఈ ఎండాకాలం మేమూ పెట్టక తప్పదు.

వంటింటి కిటికీలు మూడు ఒకే జతలో వరసగా ఉన్నాయి. 38 ఓములు. కిటికీ తడితే 50, ఇంకోసారి తడితే 29. ఎక్కడో అతుకు తుప్పు పట్టింది. మా పడగ్గది కిటికీలు రెండూ సరిగ్గా ఉన్నాయి.

ఇక ఏడో జోను, పూజగది కిటికీ. వేస్తే 0.9. "తియ్!" తీశాను. "తియ్యవే!" "తీశాను నాన్నా!" మీటరులో ఇంకా 0.9. కిటికీ బార్లా తెరిచి తల బయట పెట్టి అరిచాను. 0.9. గోడలో ఎక్కడో రెండు తీగలూ కలిసిపోయాయి. ఇలాంటి కిటికీలోంచి దొంగ దూరి, కూర్చుని కాఫీ తాగి వెళ్లినా ప్యానెల్‌కి, అంటే డబ్బాలోని బోర్డుకి, తెలీదు.

మార్చి 10, ఆదివారం

గడియారాలు ఒక గంట ముందుకి జరిపే రోజు. నిద్ర చాలలేదు, కానీ ఏడో జోను గురించి రాత్రంతా ఆలోచించినట్టున్నారు నాన్న.

ఇలాంటి షార్ట్ ఉన్నా ప్యానెల్ ఎందుకు గోల చెయ్యదన్నది మొదటి ప్రశ్న. జవాబు డబ్బాలోనే ఉంది. ఈ ప్యానెల్ ప్రతి జోనులో 2,000 ఓముల రెసిస్టర్‌ని (కరెంటుకి కొలిచిన అడ్డు వేసే చిన్న ముక్క) చూడాలనుకుంటుంది. ఎరుపు, నలుపు, ఎరుపు చారలవి. దాన్ని వైరు అవతలి కొసన, స్విచ్ పక్కన పెట్టాలి. అప్పుడు 2,000 కనబడితే అంతా క్షేమం, అనంతమైతే తలుపు తెరిచారు లేదా వైరు తెగింది, సున్నా అయితే ఎవరో వైరుని మధ్యలో కలిపేశారు. మూడూ తెలిసిపోతాయి. కానీ మా ఇంట్లో ఎనిమిదిలో ఆరింటికి ఆ రెసిస్టర్లని డబ్బాలోనే, స్క్రూ పక్కనే మెలేసి పెట్టారు. కిటికీ దగ్గరికి వెళ్లే ఓపిక లేక చేసిన పని. అలా పెడితే గోడలో వైరు షార్టయినా ప్యానెల్‌కి 2,000 ఓములే కనిపిస్తాయి. నిశ్చింతగా పచ్చ లైటు వెలిగిస్తుంది.

పెట్టినవాడెవడో గానీ నాన్న తిట్టిన తిట్లు ఇక్కడ రాయను.

రెండో ప్రశ్న, షార్ట్ ఎక్కడ? గోడ పగలగొట్టకుండా ఎలా తెలుస్తుంది? నాన్న పేపరు మీద లెక్క వేశారు, భూమిలో కేబుల్ ఫాల్ట్ వెతికిన అలవాటు. మీటరు తీగల్ని ఒకదానికొకటి ఆనిస్తేనే 0.2 వస్తోంది. అది తీసేస్తే 0.7 ఓములు. వెయ్యి అడుగులకి 16 చొప్పున అది దాదాపు 44 అడుగుల తీగ. పోను 22, రాను 22. డబ్బా నుంచి అటకకి ఎనిమిది అడుగులు, అటక మీద పూజగది దాకా ఎనిమిది, మిగిలిన ఆరడుగులూ పూజగది గోడలో కిందికి. ఇద్దరం పూజగదిలోకి వెళ్లి సీలింగ్ నుంచి ఆరడుగులు టేపు వదిలాం.

టేపు కొస సరిగ్గా వేంకటేశ్వరస్వామి పటానికున్న మేకు దగ్గర ఆగింది.

గృహప్రవేశం ముందురోజు ఆ మేకు కొట్టింది నేనే. నేలమీద కూర్చుని దణ్ణం పెట్టుకుంటే ఎదురుగా ఉండాలని కిందగా కొట్టాను. పాత యజమానిని, బిల్డర్ని, ఎలుకల్ని అనుమానించడం అయిపోయింది కాబట్టి ఈ సంగతి ఇక్కడ రాసి పెడుతున్నాను.

పటం దించుదామంటే అమ్మ ఒప్పుకోలేదు. "ముహూర్తం చూసి పెట్టిన పటం. వచ్చే శనివారం దీపం పెట్టి, దణ్ణం పెట్టుకుని, అప్పుడు దించండి." ఆరు రోజులు వాయిదా. మరమ్మతుకి విడిభాగాలు రాక ఆగిన ప్రాజెక్టులు చూశాను, తిథి కోసం ఆగింది మాత్రం ఇదొక్కటే.

మార్చి 16, శనివారం

దీపం పెట్టారు, దణ్ణాలయ్యాయి, పటం దిగింది, మేకు పీకాను. మీటరు చూస్తూ పీకమన్నారు నాన్న. మేకు పావంగుళం కదలగానే 0.9 కాస్తా అనంతమైంది, కిటికీ వేస్తే 1.7. ఈ డైరీలో నాకు అన్నిటికంటే నచ్చిన క్షణం అదే.

కానీ మేకు తిన్న తీగని నమ్మకూడదు. అదృష్టం కొద్దీ ఆ వైరులో నాలుగు తీగలున్నాయి, ఎరుపు నలుపు మాత్రమే వాడారు. ఆకుపచ్చ, పసుపు ఖాళీ. వాటిని అన్ని విధాలా కొలిచి, రెండు చివర్లా స్విచ్‌ని వాటికి మార్చాం. పటాన్ని నాలుగంగుళాలు పక్కకి, గోడ లోపల నిలువు చెక్క (స్టడ్) ఉన్నచోట వేలాడదీశాం.

పెరటి తలుపుకి పాత అయస్కాంతం తీసి అంత సైజులోనే బలమైన నియోడిమియంది పెట్టాను. ఎత్తకుండానే అందుకుంది. వంటింట్లో మూడు కిటికీల మధ్య అతుకు ఒకటి, వట్టి తీగలు మెలేసి టేపు చుట్టింది, పచ్చగా చిలుము పట్టి ఉంది. కోసేసి, జెల్ ఉన్న క్రింప్ కనెక్టర్లు వేశాను. 38 కాస్తా 2.1 అయింది.

పనిలో పనిగా రెసిస్టర్లని స్విచ్‌ల దగ్గరికి మార్చాను. ఆరింటిలో ఐదు అయ్యాయి. మా పడగ్గది కిటికీల స్విచ్‌లని జిగురు పెట్టి బిగించారు, లాగితే చట్రం పగిలేలా ఉంది. వదిలేశాను. ఆ గోడకి మేకులు కొట్టకుండా ఉంటే చాలు.

మార్చి 23, శనివారం

ఈ వారం ఆఫీసు పని ఎక్కువై ఏమీ ముట్టుకోలేదు. ఆలోచన మాత్రం చేశాను.

గోడల్లో ఉన్న సంపద ఎంతో ఇప్పుడు తెలిసింది. మూడు తలుపులు, ఆరు కిటికీలు, హాల్లో ఒక మోషన్ సెన్సర్, సైరన్. ఇవన్నీ పనిచేస్తున్నాయి, ఒక్కదానికీ బ్యాటరీ మార్చక్కర్లేదు. వైర్‌లెస్‌కి వెళితే తలుపుకొకటి, కిటికీకొకటి చొప్పున తొమ్మిది సెన్సర్లు, తొమ్మిది బ్యాటరీలు, కొన్నేళ్లకోసారి ఒక్కోటి ఒక్కో అర్ధరాత్రి కుయ్ కుయ్‌మనడం. వైర్లే లేని ఇళ్లకి అదే దారి. ఫ్రిస్కోలో మా ఆడపడుచు వాళ్ల ఇంట్లో గోడల్లో నెట్‌వర్క్ కేబుల్ తప్ప ఏమీ వెయ్యలేదు, వాళ్లకి వైర్‌లెస్సే మంచిదని నేనే చెప్పాను. అద్దె ఇళ్లకీ అంతే, పోయేటప్పుడు పట్టుకుపోవచ్చు. వైర్లు ఉండి వాటిని కోసెయ్యమనేవాడి మాటే నాకు మింగుడుపడదు.

కాబట్టి ప్రశ్న వైర్ల నుంచి మెదడుకి మారింది. పాత విస్టా బోర్డునే ఉంచాలా, దాన్ని తీసేసి ఈ వైర్లని నా సొంత బోర్డుకి కలపాలా? పాతకాలపు కీప్యాడ్, చిన్న తెర, ఫోన్‌లో ఏమీ కనపడదు. నా ఉద్యోగం సాఫ్ట్‌వేర్. మనం కోడ్ రాసి నడిపించుకునే చిన్న ఈఎస్పీ32 బోర్డు పన్నెండు డాలర్లు, ఇంట్లో ఇప్పటికే రాస్ప్‌బెర్రీ పై అనే బుల్లి కంప్యూటర్ మీద, ఇంటి పరికరాలన్నిటినీ ఫోన్‌లో చూపించే హోమ్ అసిస్టెంట్ నడుస్తోంది. మనసు ఎటు లాగుతోందో చెప్పక్కర్లేదు.

మార్చి 30, శనివారం

పొగ సెన్సర్ సంగతి ముందు. హాల్లో పొగ సెన్సర్ ఒకటి ప్యానెల్ ఒకటో జోనుకి కలిసి ఉంది, వెనక తేదీ 2001. ఇవి తయారైన పదేళ్లకి మార్చెయ్యాలన్నది ఇక్కడి నియమం. మిగతా గదుల్లో 120 వోల్టుల మీద నడిచే పొగ అలారాలు 2012వి, వాటికీ గడువు తీరింది. వాటన్నిటినీ కొత్తవి కొని మార్చాం, ఒకటి మోగితే అన్నీ మోగేవే. ఒకటో జోనుని ఖాళీ చేశాను. నిప్పు విషయంలో నా ప్రయోగాలు వద్దు.

ఇక సొంత బోర్డు. మంగళవారం రాత్రి వీధి తలుపు, గరాజ్, వంటింటి కిటికీల జతల్ని ఈఎస్పీ32కి కలిపాను. ఫోన్‌లో తలుపు తీస్తే ఎరుపు, వేస్తే పచ్చ. గంటలో అయిపోయింది. నాన్నకి చూపించి మురిసిపోయాను.

బుధవారం పొద్దున ఐదూ నలభైకి "వంటింటి కిటికీ తెరుచుకుంది" అని ఫోన్ మోగింది. అందరం లేచాం. మా ఆయన జిమ్‌కి వెళ్తూ గరాజ్ పెద్ద తలుపు ఎత్తారు, అంతే. ఆ మోటరు స్టార్టయినప్పుడు పుట్టిన విద్యుత్ అలజడిని యాభై అడుగుల కిటికీ వైరు ఏంటెనాలా పట్టుకుంది. వైరులోకి కాస్త కరెంటు వదిలే, చిప్ లోపలి పుల్-అప్ రెసిస్టర్ 45 వేల ఓములు, అంటే లూపులో పారేది మిల్లీ ఆంపియరులో పదో వంతు కూడా లేదు. బయట 4,700 ఓములది వేసి కరెంటు పెంచాను, పదో వంతు సెకను నిలబడితేనే నమ్మమని కోడ్‌లో రాశాను. మళ్లీ రాలేదు. గెలిచాననుకున్నాను.

నిన్న శుక్రవారం రాత్రి నాన్న మెల్లగా మొదలుపెట్టారు. "ఇంటర్నెట్ పోతే?"

"సైరన్‌కి ఇంటర్నెట్ అక్కర్లేదు నాన్నా, బోర్డే మోగిస్తుంది."

"కరెంటు పోతే?"

"బ్యాటరీ పెడతాను."

"దాన్ని చార్జి చేసేదెవరు? పూర్తయ్యాక ఆపేదెవరు? అది ఉబ్బితే చెప్పేదెవరు?"

"దానికో సర్క్యూట్..."

"సైరన్ షార్టయితే నీ బోర్డు మాడకుండా?"

"దానికో ఫ్యూజు..."

"నువ్వు ఇండియా వచ్చినప్పుడు ఇది మొరాయిస్తే అల్లుడుగారు చూస్తారా?"

మా ఆయన టీవీ వైపు తిరిగిపోయారు.

నేను ఒక్కొక్కటీ పెట్టుకుంటూ పోతే చివరికి తయారయ్యేది ఏమిటి? విస్టా బోర్డే. ఏనాడో ఎవరో ఇంజనీర్లు ఈ ప్రశ్నలన్నీ వేసుకుని, జవాబులన్నీ ఆ రాగి గీతల్లో పెట్టేశారు. అది బ్యాటరీని చార్జి చేస్తుంది, తనే పరీక్షిస్తుంది, సైరన్‌ని కాపాడుతుంది, వైఫై అనే మాట వినలేదు. 2021 ఫిబ్రవరి మంచు తుఫానులో టెక్సస్‌లో లక్షల ఇళ్లకి రోజుల తరబడి కరెంటు లేదు. అప్పుడు నా రౌటర్, నా రాస్ప్‌బెర్రీ పై అన్నీ పడుకునేవి. కొత్త ఏడు ఆంపియర్-అవర్ బ్యాటరీతో ఈ డబ్బా మా ఇంటి లోడుకి ఒక రోజు అటూ ఇటూ లాగుతుంది.

దానికి రానిది ఒక్కటే, ఫోన్‌కి కబురు పంపడం. అది మాత్రం బయటినుంచి తగిలించొచ్చు.

ఉంచాలని నిర్ణయం. కొంచెం బాధగానే ఉంది, ఒప్పుకుంటాను. కొత్తది కట్టడంలో ఉన్న సరదా పాతదాన్ని ఒప్పుకోవడంలో ఉండదు.

ఏప్రిల్ 6, శనివారం

ప్యానెల్‌ని ఫోన్‌తో కలిపే ఎన్విసాలింక్ 4 అనే చిన్న బోర్డు వచ్చింది. ఈ లెక్కలో పెద్ద ఖర్చు ఇదే, నూట పాతికకి అటూ ఇటూ. కీప్యాడ్‌కి వెళ్లే నాలుగు తీగలకే (ఎరుపు, నలుపు, ఆకుపచ్చ, పసుపు) దీన్నీ కలుపుతారు. ప్యానెల్ దీన్ని ఇంకో కీప్యాడ్ అనుకుంటుంది. మనం ఫోన్‌లో నొక్కింది ఇది ప్యానెల్‌కి చెబుతుంది, ప్యానెల్ చెప్పింది హోమ్ అసిస్టెంట్‌కి మోస్తుంది. ఇది చచ్చినా ప్యానెల్ తన పని తను చేసుకుంటుంది. నాన్నకి నచ్చింది కూడా ఆ ముక్కే.

ఇంకో కీప్యాడ్ వచ్చిందని ప్యానెల్‌కి చెప్పాలంటే ప్రోగ్రామింగులోకి వెళ్లాలి. ఫ్యాక్టరీ కోడు పనిచెయ్యలేదు, పాత కంపెనీ మార్చేసింది. ఫోన్ చేస్తే మీరు మా కస్టమర్ కాదు కాబట్టి చెప్పం అన్నారు. మాన్యువల్ చదివితే దారి దొరికింది: కరెంటూ బ్యాటరీ రెండూ తీసేసి, మళ్లీ పెట్టి, యాభై సెకన్లలోపు స్టార్, హ్యాష్ కలిపి నొక్కాలి. డబ్బా క్లోజెట్‌లో, కీప్యాడ్ వీధి గుమ్మం దగ్గర. నాన్న ప్లగ్ పెట్టి "ఆ!" అన్నారు, నేను నొక్కాను. రెండోసారికి లోపలికి వెళ్లాను. మీరూ పాతది ఉంచాలనుకుంటే, కొనే ముందు ఈ పరీక్ష చెయ్యండి. లోపలికి పోనివ్వని ప్యానెల్ అయితే బోర్డు మార్చక తప్పదు, వైర్లు ఎంత బాగున్నా సరే.

జోన్ల రకాలు: తలుపులకి 01, అంటే లోపలికొచ్చాక కోడు నొక్కేందుకు టైము ఇస్తుంది. కిటికీలకి 03, వెంటనే మోత. మోషన్‌కి 04, తలుపు ముందు తెరుచుకుంటే ఆగుతుంది, లేకపోతే ఆగదు. ఆలస్యం ముప్పై సెకన్లు పెట్టాను.

ఏప్రిల్ 7, ఆదివారం

తెల్లవారుజామున నాలుగూ నలభై. అమ్మ స్నానం చేసి, తులసికోటకి నీళ్లు పొయ్యడానికి పెరటి తలుపు తీసింది. కీప్యాడ్ ముప్పై సెకన్లు కుయ్‌మంది. అది కుక్కర్ అనుకుందట. తర్వాత సైరన్.

పక్కింటి ఆయన లైటు వేశారు. పోలీసులు రాలేదు, మేం మానిటరింగ్ కంపెనీకి డబ్బు కట్టడం లేదు కాబట్టి ఎవరికీ కబురు వెళ్లదు. అది మేం తెలిసి తీసుకున్న నిర్ణయం. దీనివల్ల ఇంటి ఇన్సూరెన్సులో వచ్చే తగ్గింపు పోతుంది, వాళ్లు మానిటరింగ్ సర్టిఫికెట్ అడుగుతారు. మీకు ఆ తగ్గింపు పెద్దదైతే ఈ లెక్క తిరగబడొచ్చు, వేసుకుని చూసుకోండి. మానిటరింగ్ ఉన్నవాళ్లకి ఇంకో సంగతి: ఇక్కడి చాలా సిటీలలో అలారానికి పర్మిట్ తీసుకోవాలి, ఉత్తుత్తి మోతలు ఎక్కువైతే ఫీజు పడుతుంది.

అమ్మకి సొంత కోడు ఇచ్చాను. ఆవిడే నాలుగంకెలు చెప్పింది, మర్చిపోనివి. తలుపు తీసేముందు నొక్కుతానంది. సాయంత్రం నాలుగుసార్లు రిహార్సల్స్ చేసింది.

ఏప్రిల్ 9, మంగళవారం, ఉగాది

నిన్న సంపూర్ణ సూర్యగ్రహణం మా ఊరి మీదుగానే పోయింది. మధ్యాహ్నం ఒకటీ నలభై దాటాక చీకటి పడింది. వీధిలో అందరూ కళ్లద్దాలు పెట్టుకుని ఆకాశం చూస్తుంటే, అమ్మ కర్టెన్లు వేసుకుని లోపల కూర్చుంది. నాన్న మాత్రం జారుకుని బయటికొచ్చారు. ఫోన్‌లో "వీధి తలుపు తెరిచి ఉంది" అని వచ్చింది, అమ్మకి చూపించలేదు.

ఈ రోజు పచ్చడి, భక్షాలు. పని లేదు.

ఏప్రిల్ 13, శనివారం

బిల్లు: బ్యాటరీ 28, అయస్కాంతాలు, ఒకటి రెండు కొత్త స్విచ్‌లు 34, రెసిస్టర్లు, క్రింపులు 15, ఎన్విసాలింక్ 125. మొత్తం 202 డాలర్లు. పొగ అలారాలు వేరే, అవి ఎలాగూ మార్చాల్సినవే. ఈఎస్పీ32 వృథా కాలేదు, గరాజ్ పెద్ద తలుపు తెరిచి ఉందో లేదో చెప్పే పనిలో పెట్టాను. దానికి ఆ బాధ్యత సరిపోతుంది.

డబ్బా మూత లోపల నాన్న పెన్సిల్‌తో జోన్ల పట్టీ రాశారు, తెలుగులో. 2 వీధి తలుపు. 3 గరాజు. 4 పెరటి తలుపు (కుంగితే అయస్కాంతం చూడు). 5 వంటిల్లు, మూడు కిటికీలు. 6 పడగ్గది (రెసిస్టర్ ఇక్కడే ఉంది). 7 దేవుడి గది (మేకు కొట్టేముందు నన్నడుగు). 8 హాలు.

కింద ఇంకో వరస ఉంది. దేనికీ కలపకుండా చుట్ట చుట్టి పడేసిన ఒక జత వైర్లు దొరికాయి. మీటరు పెడితే అనంతం. అటక మీద తూర్పు వైపు పోతోంది, తర్వాత ఇన్సులేషన్ కింద మాయం. ఆ జత ఎదురుగా నాన్న "తెలీదు" అని రాశారు. వైరుకి శబ్దం పంపి గోడ మీద వెతికే టోనర్ ఒకటి ఆర్డరు పెట్టాను, బుధవారం వస్తుంది. ఎండలు ముదిరితే అటకలో మనిషి నిలవలేడు, ఈ నెలలోనే ఎక్కాలి.